అల్‌జబ్రా అంటే భయమెందుకు? ఈ మూడు మెట్లు వస్తే చాలు

జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి: 2025 పదో తరగతి ఫలితాల్లో మహబూబాబాద్ జిల్లా 99.29 శాతంతో రాష్ట్రంలోనే ఫస్ట్ వచ్చింది. సంతోషమే. కానీ పాస్ కావడం వేరు, లెక్క అర్థం కావడం వేరు. పాలిటెక్నిక్‌లో ఇంజినీరింగ్ డిప్లొమా సీటు కోసం రాసే పాలీసెట్‌లో 120 మార్కులకు 60 మ్యాథ్స్‌వే. అందులో అల్‌జబ్రా రాకపోతే మిగతాదీ కష్టమే.

పేరు మనకు తెలిసిందే

సుమారు 820 ప్రాంతంలో బాగ్దాద్‌లో ముహమ్మద్ ఇబ్న్ మూసా అల్ ఖ్వారిజ్మీ రాసిన పుస్తకం నుంచే 'అల్‌జబ్రా' అనే మాట వచ్చింది. 'జబ్ర్' అంటే విరిగినదాన్ని సరిచేయడం. లెక్కలో, ఒకవైపు తీసివేతగా ఉన్నదాన్ని రెండోవైపు కూడికగా మార్చడం. 'ముఖాబలా' అంటే ఎదురెదురుగా పెట్టి, రెండువైపులా సమానంగా ఉన్నవాటిని కొట్టేయడం. వ్యాపారం, భూమి కొలతలతో పాటు విరాసత్ పంపకాల లెక్కలూ ఆ పుస్తకంలో ఉన్నాయి.

మొదటి మెట్టు: తరాజు

సమీకరణాన్ని ఉర్దూలో 'మసావాత్' అంటారు, అంటే సమానత్వం. కిరాణా షాపు తరాజులాగే, ఒకవైపు ఏం చేస్తే రెండోవైపూ అదే చేయాలి.

ఒక ఉదాహరణ చూద్దాం. అప్పులు, ఖర్చులు పోగా ఒకాయన 2,40,000 రూపాయలు వదిలి చనిపోయారు. భార్య, ఇద్దరు కొడుకులు, ఒక కూతురు ఉన్నారు. వేరే వారసులు లేరు. భార్యకు ఎనిమిదో వంతు, అంటే 30,000. మిగిలింది 2,10,000. కూతురి వాటా 'ఎక్స్' అనుకుంటే ఒక్కో కొడుక్కి 2 ఎక్స్. మొత్తం 5 ఎక్స్ = 2,10,000. రెండువైపులా 5తో భాగిస్తే ఎక్స్ = 42,000. కూతురికి 42,000, ఒక్కో కొడుక్కి 84,000. అన్నీ కూడితే మళ్లీ 2,40,000 రావాలి, వస్తుంది కూడా. ఈ లెక్క తెలిసిన ఆడపిల్లకు తన హక్కు ఎంతో ఇంకొకరు చెప్పాల్సిన పని లేదు.

రెండో మెట్టు: కారణాంకాలు

ఖ్వారిజ్మీ పుస్తకంలోని పేరున్న లెక్క ఇది: ఎక్స్ స్క్వేర్ + 10 ఎక్స్ = 39. ఆయన చతురస్రం గీసి సాధించారు. మన పిల్లలు కారణాంకాలతో చేయొచ్చు. ముందు 39ని ఎడమవైపు తెచ్చి, కుడివైపు 0 ఉంచాలి. ఇప్పుడు గుణిస్తే -39, కూడితే 10 వచ్చే రెండు సంఖ్యలు వెతకాలి. అవి 13, -3. కాబట్టి (ఎక్స్ + 13)(ఎక్స్ - 3) = 0. రెండింటి లబ్ధం సున్నా అయితే వాటిలో ఒకటి సున్నా కావాల్సిందే. అంటే ఎక్స్ = 3 లేదా -13. పొడవు మైనస్‌లో ఉండదు కాబట్టి ఖ్వారిజ్మీ 3నే తీసుకున్నారు. పరీక్షలో మాత్రం రెండూ రాయాలి.

మూడో మెట్టు: సరిచూడటం

వచ్చిన జవాబును మొదటి సమీకరణంలో పెట్టి చూడాలి. 3 పెడితే 9 + 30 = 39. సరిపోయింది.

చాలామంది పిల్లలు మార్కులు పోగొట్టుకునేది ఇంకోచోట. ఎక్స్ స్క్వేర్ = 5 ఎక్స్ అని ఇస్తే రెండువైపులా ఎక్స్ కొట్టేసి 5 అని రాస్తారు. సున్నా అనే జవాబు పోతుంది. కొట్టేయకుండా ఎక్స్(ఎక్స్ - 5) = 0 అని రాస్తే 0, 5 రెండూ దొరుకుతాయి.

అమ్మీ అబ్బాలకు అల్‌జబ్రా రాకపోయినా పర్వాలేదు. రోజూ ఒక లెక్క చేయించి, "జవాబు పెట్టి చూశావా బేటా?" అని అడిగితే చాలు.