వదిలిన చేప బతకాలి

గోదావరికి ఎర్రనీరు వచ్చిందంటే పులస వచ్చిందన్నమాట. పులస ఉండేది సముద్రంలో. అక్కడ దాన్ని ఇలస అంటారు. గుడ్లు పెట్టడానికి అది నదిలోకి ఎదురీదుతుంది. అప్పుడు దాని పేరు పులస. పుస్తెలు అమ్మి అయినా పులస తినాలని గోదావరి జిల్లాల సామెత.

ఇలా సముద్రం నుంచి నదికి వచ్చే చేపలు వేరే దేశాలలోనూ ఉన్నాయి. వాటిలో పేరున్నది సాల్మన్. బ్రిటన్‌లో ఉత్తరం వైపు స్కాట్లాండ్ ఉంది. అది చలి దేశం. అక్కడ టే, ట్వీడ్, డీ, స్పే అనే నదులు పారుతున్నాయి. ఆ నదులలో సాల్మన్‌కు గాలం వేయడానికి జనం డబ్బు కట్టి మరీ వస్తారు. చల్లటి నీళ్లలో గంటల తరబడి నిలబడతారు. చేప పడుతుంది. దాన్ని దగ్గరకు లాక్కుంటారు. తర్వాత మళ్లీ నదిలోనే వదిలేస్తారు!

ఇదేం చోద్యం? వదిలేదానికి పట్టడం ఎందుకు? సంగతి తెలియాలంటే ముందు ఆ చేప బతుకు తెలియాలి.

సాల్మన్ బతుకు

సాల్మన్ పుట్టేది నదిలో, గులకరాళ్ల మధ్య. రెండు మూడేళ్లు అక్కడే పెరుగుతుంది. తర్వాత సముద్రానికి పోతుంది. వందల మైళ్లు ఈదుతుంది. కొన్ని చేపలు గ్రీన్లాండ్ దాకా పోతాయి. అక్కడ మేత బాగా దొరుకుతుంది. ఒకటి నుంచి మూడేళ్లలో బాగా బలుస్తుంది. అప్పుడు తిరిగి బయలుదేరుతుంది. ఏ నదిలో పుట్టిందో ఆ నదికే వస్తుంది. ఆ నీటి వాసనను బట్టి దారి గుర్తుపడుతుంది.

నదిలోకి వచ్చాక సాల్మన్ మేత తినదు. ఒంట్లో ఉన్న కొవ్వు మీదే నెలల తరబడి బతుకుతుంది. తినకపోయినా, ఎదుట ఈకలతో కట్టిన ఎర కదిలితే నోట కరుచుకుంటుంది. అలా గాలానికి చిక్కుతుంది.

చలికాలం మొదట్లో తల్లి చేప తోకతో గులకను తవ్వి గుంట చేస్తుంది. అందులో గుడ్లు పెడుతుంది. ఒక పెద్ద చేప వేల గుడ్లు పెడుతుంది. వాటిలో పెరిగి పెద్దవై తిరిగి వచ్చేవి బహు కొద్ది. అందుకే తిరిగి వచ్చిన ప్రతి తల్లి చేపా విలువైనదే.

చేపలు తగ్గిపోయాయి

ఒకప్పుడు స్కాట్లాండ్ నదులలో సాల్మన్ విరివిగా ఉండేది. తీరంలో వలలు వేసి బతికే కుటుంబాలు ఉండేవి. రానురాను చేప తగ్గింది. దీనికి కారణం ఒకటి కాదు. నదులకు అడ్డుకట్టలు కట్టారు. నీళ్లు మురికి అయ్యాయి. సముద్రం వేడెక్కుతోంది. పట్టడం కూడా ఎక్కువయింది.

ఐ.యు.సి.ఎన్. అనేది ప్రకృతిని కాపాడడానికి పనిచేసే అంతర్జాతీయ సంస్థ. ఈ సాల్మన్ జాతి ప్రమాదానికి దగ్గరపడుతోందని ఆ సంస్థ 2023లో హెచ్చరించింది. 2006 నుంచి 2020 లోపల ప్రపంచం మొత్తం మీద ఇది నూటికి 23 వంతులు తగ్గిందని లెక్క చెప్పింది.

తీరపు నీళ్లలో పట్టిన సాల్మన్‌ను ఉంచుకోరాదని స్కాట్లాండ్ ప్రభుత్వం 2016లో ఆంక్ష పెట్టింది. తరతరాలుగా వలలు వేసినవాళ్ల పని ఆగిపోయింది. ఏ నదిలో చేప ఎంత ఉందో ఏటా లెక్క చూస్తారు. చేప మరీ తక్కువ ఉన్న నదులలో గాలానికి పడ్డ ప్రతి సాల్మన్‌నూ వదలాల్సిందే. మిగతా చోట్ల కూడా చాలామంది తమంతట తామే వదులుతున్నారు. ఈమధ్య సంవత్సరాలలో గాలానికి పడ్డ నూరు చేపలలో 90కి పైగా తిరిగి నదికే చేరుతున్నాయి.

వదిలితే చాలదు

నీళ్లలో పడేస్తే చేప బతికినట్టేనా? కాదు. చేప ఈదుకుంటూ పోతుంది. చూసేవాళ్లు బతికిందనుకుంటారు. కొన్ని గంటల తర్వాత అది చచ్చి తేలవచ్చు.

చేప మొప్పలతో గాలి పీలుస్తుంది. ఆ గాలి నీళ్లలో కలిసి ఉంటుంది. నీళ్లలోంచి తీస్తే మొప్పలు ఒకదానికొకటి అంటుకుపోతాయి. ఊపిరి ఆడదు. పైగా గాలంతో పెనుగులాడి అప్పటికే అలసి ఉంటుంది. పరుగు పందెం ముగిసిన మనిషికి ముక్కూ నోరూ మూస్తే ఎలా ఉంటుంది? చేపకూ అలాగే ఉంటుంది.

సాల్మన్‌కు ట్రౌట్ అనే చుట్టం చేప ఉంది. దాని మీద కెనడా శాస్త్రవేత్తలు చేసిన పరీక్ష 1992లో వెలువడింది. చేపలను బాగా అలిసిపోయేలా ఈదించారు. కొన్నిటిని బయటికి తీయలేదు. వాటిలో నూటికి 88 బతికాయి. కొన్నిటిని అర నిమిషం బయట ఉంచారు. నూటికి 62 బతికాయి. మరికొన్నిటిని ఒక నిమిషం బయట ఉంచారు. నూటికి 28 మాత్రమే బతికాయి. ఒక్క నిమిషం ఎంత పని చేసిందో చూడండి.

చేప ఒంటి మీద జిగురు ఉంటుంది. అది మనకు జారుడుగా, చిరాకుగా ఉంటుంది. చేపకు మాత్రం అదే కవచం. రోగాలు అంటకుండా కాపాడుతుంది. పొడి చేతులతో పట్టుకుంటే ఆ జిగురు ఊడిపోతుంది. ఇసుక మీద, రాళ్ల మీద పడేసినా ఊడిపోతుంది. పొలుసులూ రాలతాయి. అక్కడ బూజు పట్టి చేప చస్తుంది.

అక్కడివాళ్ల పద్ధతి

అనుభవంతో, పరిశోధనతో అక్కడ ఒక పద్ధతి ఏర్పడింది.

1. గాలం కొన దగ్గర వెనక్కి తిరిగిన చిన్న ములుకు ఉంటుంది. దాన్ని పటకారుతో నొక్కి అణగ్గొడతారు. అప్పుడు గాలం తేలికగా ఊడి వస్తుంది.

2. గట్టి దారం వాడతారు. చేపను ఎక్కువసేపు ఆడించరు. త్వరగా దగ్గరకు తెస్తారు.

3. పెద్ద చేతి వలను నీళ్లలో ఉంచి చేపను అందులోకి రానిస్తారు. ఆ వలకు ముడులు ఉండవు. ముడులు ఉంటే రెక్కలు చీలతాయి. చేపను ఒడ్డు మీదికి ఈడ్వరు.

4. చేతులు తడుపుకుని చేపను ముట్టుకుంటారు. ఒక చెయ్యి తోక మొదట్లో, ఒక చెయ్యి పొట్ట కింద పెడతారు. గట్టిగా పిసకరు. మొప్పలలో వేళ్లు పెట్టరు. తోక పట్టి వేలాడదీయరు. అలా చేస్తే లోపలి అవయవాలు దెబ్బతింటాయి.

5. చేప నీళ్లలో ఉండగానే గాలం తీస్తారు. గాలం లోతుగా దిగితే పెరకరు. దారం దగ్గరగా కోసి వదిలేస్తారు.

6. తూకం వేయరు. నీళ్లలోనే పొడవు కొలుస్తారు. ఫోటో కావాలంటే అదీ నీళ్లలోనే.

7. వదిలేటప్పుడు చేప తలను ప్రవాహానికి ఎదురుగా పెడతారు. నీళ్లు నోట్లోకి పోయి మొప్పల గుండా బయటికి వస్తాయి. చేపకు ఊపిరి అందుతుంది. అది తోక ఆడించి తనంతట తాను పోయేదాకా పట్టుకునే ఉంటారు. విసిరెయ్యరు.

ఇంకో సంగతి. నీళ్లు వేడెక్కితే వాటిలో కలిసిన గాలి తగ్గుతుంది. మనకు చల్లగా ఉండే 20 డిగ్రీల నీరు సాల్మన్‌కు ఎక్కువ వేడి. నీళ్లు అంత వేడెక్కితే ఆ రోజుకు గాలం వేయొద్దని అక్కడివాళ్లు చెబుతారు.

ఇంత జాగ్రత్త పడ్డా కొన్ని చేపలు చస్తాయి. మొప్పల నుంచి నెత్తురు కారే చేప బతకడం కష్టం.

సరదా వేరు, బువ్వ వేరు

స్కాట్లాండ్‌లో గాలం వేసేవాళ్లకు అది సరదా. చేపను వదిలినా వాళ్ల ఇంట్లో పొయ్యి వెలుగుతుంది. గోదావరి జాలరికి చేపే బువ్వ. పులసను వదిలెయ్యమంటే అతను ఏం తినాలి? పైగా పులస మరీ సుకుమారం. నీళ్లలోంచి తీస్తే కాసేపటికే చస్తుంది. పట్టాక వదలడం పులస విషయంలో పనికొచ్చే పద్ధతి కాదు.

మరి దారి ఏది? పట్టకముందే జాగ్రత్త పడటం. వల కన్ను పెద్దదైతే పిల్ల చేప తప్పుకుని పోతుంది. అది సముద్రానికి పోయి పెద్దదై తిరిగి వస్తుంది. పులస జాతి చేపే బంగ్లాదేశ్‌లోనూ ఉంది. అక్కడ దాన్ని ఇలీష్ అంటారు. 25 సెంటీమీటర్ల లోపు ఇలీష్‌ను, అంటే ఇంచుమించు జానెడు చేపను, నవంబరు నుంచి జూన్ దాకా పట్టకూడదు. గుడ్లు పెట్టే కాలంలో 22 రోజులు ఇలీష్ వేట పూర్తిగా ఆపుతారు. వేట ఆగిన రోజులలో జాలరి కుటుంబాలకు ప్రభుత్వం బియ్యం ఇస్తుంది. చేపనూ కాపాడాలి, చేప మీద బతికేవాళ్లనూ కాపాడాలి. ఒకటి మరిస్తే రెండోది నిలవదు.

నది వేరు, చేప వేరు, పద్ధతి వేరు. లెక్క మాత్రం ఒక్కటే. ఈ ఏడు తల్లి మిగిలితేనే రాబోయే ఏళ్లలో వలలో చేప ఉంటుంది.

మాట్లాడుకోండి

1. చేపను పొడి చేతులతో ఎందుకు పట్టుకోకూడదు?
2. చేప నీళ్లలో ఈదుకుంటూ పోతే బతికినట్టేనా? ఎందుకు?
3. మీ ఊరి చెరువులో, ఏటిలో ఒకప్పుడు ఏ చేపలు ఉండేవి? ఇప్పుడు ఏవి కనపడటం లేదు? పెద్దవాళ్లను అడిగి పేర్లు రాయండి.
4. వేట ఆపిన రోజులలో జాలరి ఇల్లు ఎలా గడవాలి?