సైక్లోస్టైల్‌ బడిలో...

ఒక పాత సైక్లోస్టైల్‌ మిషను. రాసేవాడొకడు, బొమ్మలు వేసేవాడొకడు. ఇద్దరూ స్కూలు పిల్లలే. పత్రిక పేరు ‘ఉదయభాను’. సంపాదకుడు ముళ్లపూడి వెంకటరమణ, చిత్రకారుడు బాపు!

రేడియో అన్నయ్య, అక్కయ్య మద్రాసులో ‘బాల’ పత్రిక మొదలుపెట్టింది 1945లో. రమణ మొదటి కథ అచ్చయింది అందులోనే. అప్పటికి ఆయనకు పద్నాలుగేళ్లు. బాపు రెండేళ్లు చిన్న. తండ్రి పోయాక తల్లి వెంట మద్రాసు చేరిన కుర్రాడు రమణ. ఇంట్లో ఇబ్బందులు సరేసరి. అయినా, అచ్చులో తన పేరు చూసుకున్నాక ఊరుకోబుద్ధవుతుందా? సొంత పత్రిక పెట్టేశాడు. స్నేహితులంతా కలిసి ఆ పాత మిషను కొన్నారు.

సైక్లోస్టైల్‌ అంటే ఈతరం పిల్లలకు విడమరిచి చెప్పాల్సిందే. మైనం పూసిన పల్చటి స్టెన్సిల్‌ కాగితం మీద ఉక్కుములికి ఉన్న కలంతో రాయాలి. ములికి తగిలినచోట మైనం పోతుంది. ఆ కాగితాన్ని మిషనుకు చుట్టి హ్యాండిల్‌ తిప్పితే, గీతల్లోంచి సిరా దిగి కింది కాగితం మీద అచ్చు పడుతుంది. వినడానికి తేలికే. గట్టిగా నొక్కితే స్టెన్సిల్‌ చిరుగుతుంది, మెత్తగా రాస్తే అక్షరం పడదు. సున్నా చుట్టేటప్పుడు మరీ జాగ్రత్త. మధ్యలో ముక్క ఊడిందంటే సున్నా కాస్తా నల్లటి చుక్కయి కూర్చుంటుంది. అసలే మన అక్షరాలన్నీ గుండ్రాలు!

ఇక బొమ్మ సంగతి. స్టెన్సిల్‌ మీద వెలుగునీడలు దిద్దే వీలు దాదాపు లేదు. ముఖంలో కోపమైనా సిగ్గయినా గీతలోనే తెలియాలి. ఆ తర్వాత తెలుగువాళ్లంతా చూసి మురిసిన బాపు బొమ్మల్లో గీతలు ఎంత తక్కువో! ఆ పొదుపంతా స్టెన్సిలే నేర్పిందంటే అతిశయోక్తే. కానీ పెన్ను పట్టిన తొలిరోజుల్లోనే ఒక్క గీత కూడా వృథా చేయనివ్వని పనిముట్టు చేతికి దొరకడం తక్కువ అదృష్టమేం కాదు.

పత్రిక తయారుచేయడంలో బొమ్మల కన్నా కష్టమైన పాఠం ఇంకోటుంది... చోటు చాలకపోవడం. కాగితాన్ని మధ్యకు మడిచి కుట్టే పుస్తకంలో పేజీలు నాలుగు, ఎనిమిది, పన్నెండు... ఇలాగే పెరుగుతాయి. కథ తొమ్మిదో పేజీలోకి నాలుగు వాక్యాలు ఒలికిందనుకోండి, ఆ నాలుగు వాక్యాల కోసం మరో కాగితం వేయాలి. లేదా వాటిని కోసెయ్యాలి. డబ్బుల్లేని పత్రికలో కోతే గతి. అదీ స్నేహితుడి కథలో!

1990ల తర్వాత కాలేజీ మ్యాగజైన్‌ పనిచేసిన వాళ్లకిది బాగా తెలుసు. సైక్లోస్టైల్‌ పోయి డీటీపీ వచ్చింది. పేజ్‌మేకర్‌లో అను ఫాంట్లు వేసే ఆపరేటర్‌ పక్కన స్టూలు వేసుకుని, ‘అన్నా, ఆ బొమ్మ కొంచెం పైకి’ అంటూ రాత్రి పొద్దుపోయేదాకా కూర్చున్నవాళ్లు ఎందరో. తీరా ఆ ఫైలు ప్రెస్‌లో తెరిస్తే, అక్కడ ఆ ఫాంటు లేక కవితంతా పిచ్చిగీతలు! మూడుసార్లు ప్రూఫులు దిద్దినా ముఖచిత్రం మీది పెద్దక్షరాల్లో తప్పు అలాగే ఉండిపోవడం మరో విచిత్రం. చిన్నక్షరాల్ని కూడబలుక్కుని చదివే కన్ను పెద్దవాటిని చదవకుండానే దాటేస్తుంది మరి. ‘నీ కవిత ఈసారి వేయడం లేదు’ అని క్లాస్‌మేట్‌ ముఖం మీద చెప్పడం, ఆ తర్వాత కూడా ఆ అమ్మాయితో మాట్లాడగలగడం... ఏ సిలబస్‌లో ఉంటాయివి? (మొదటి పేజీలో ప్రిన్సిపాల్‌గారి ఫొటో ఎంత పెద్దది వేయాలన్న చిక్కుముడి సరేసరి!)

మళ్లీ మద్రాసు మిత్రుల దగ్గరికి వద్దాం. ఆట ముగిసిపోలేదు. 1950ల్లో రమణ ఆంధ్రపత్రికలో సబ్‌ఎడిటరయ్యారు. లా పట్టా పుచ్చుకున్న 1955లోనే బాపు కూడా అక్కడికే కార్టూనిస్టుగా చేరారు. ఇద్దరి చేతుల్లో తయారైన ‘బుడుగు’ను తలుచుకోండి. రమణ మాటలు వినపడుతుంటే కళ్లముందు బాపు బొమ్మే కదులుతుంది. ఎవరికెంత చోటు వదలాలో ఇద్దరికీ తెలుసు.

సినిమాల్లోకి వెళ్లినా ఆ అలవాటు పోలేదు. పత్రికవాళ్లు అచ్చుకు ముందు ఏ పేజీలో ఏముండాలో ఒక డమ్మీ కట్టుకుంటారు. బాపు షూటింగ్‌కు ముందే సన్నివేశాలన్నీ కాగితం మీద బొమ్మలుగా గీసుకునేవారు. సినిమావాళ్లు దాన్ని స్టోరీబోర్డు అంటారు. పేరు మారిందంతే. ఆయన చేతిరాత కూడా ఊరికే పోలేదు. పుస్తకాల అట్టల మీదికి, చివరికి కంప్యూటర్‌ ఫాంటుగా డీటీపీ సెంటర్లలోకి ఎక్కింది. దాంతో శుభలేఖలు వేయించుకున్నవాళ్లెందరో!

1967లో ‘సాక్షి’తో దర్శకుడు, రచయితలుగా మొదలైన ఆ జంట చివరి సినిమా ‘శ్రీరామరాజ్యం’. అది 2011 నవంబరులో విడుదలైంది. రమణ ఆ ఫిబ్రవరిలోనే వెళ్లిపోయారు. తెర మీద మాత్రం ‘ఉదయభాను’ నాటి వరసే... రాత రమణది, దృశ్యం బాపుది.