నటీమణుల దర్శకత్వము

తరిగొండలో జన్మించి, తిరుమల కొండపై శ్రీనివాసుని సేవించి, 1817 లో దేహము చాలించిన వెంగమాంబ కావ్యములతోపాటు యక్షగానములను గూడ రచించినది. అనగా, రెండువందల యేండ్లకు పూర్వమే మన చిత్తూరు సీమలో నొక స్త్రీ పాత్రలను కల్పించి, వారి మాటలను పాటలను నిర్ణయించి, యాటకు రూపు దీర్చినది. ఆమెకట్టి యధికార మెక్కడిదని నేడెవ్వరును ప్రశ్నింపరు. అయినను నటి యొకతె చలనచిత్ర దర్శకురాలైనదని వినినపుడు మాత్రము, ఇదియేదో వింతయని భావించువారు మనలో నింకను గలరు.

పురుషుల విషయమున నీ శంక కలుగదు. చిత్తూరు పేరునే తన పేరునకు ముందు ధరించిన నాగయ్య 1946 లో ‘త్యాగయ్య’లో నటించుటయే గాక దర్శకత్వమును గూడ వహించెను. తాడిపత్రివాడగు కె.వి. రెడ్డి వాహినీ సంస్థలో నిర్మాణ వ్యవహారములను జూచుచు, పనివారి నడుమ మెలగి పని నేర్చి దర్శకుడై, 1957 లో ‘మాయాబజార్’ను తీర్చెను. లెక్కలు చూచుచునో, సహాయకుడుగ నుండియో, మెట్టుమెట్టుగా పైకెక్కుటకు పురుషునకు మార్గములు పెక్కు గలవు. స్త్రీకి స్టూడియో ద్వారము తెరచుకొనినది నటిగా మాత్రమే. కావున నటనయే ఆమెకు పాఠశాల యయ్యెను. వెలుగు నీడల యమరికయు, కెమేరా చూచు చోటును, కత్తిరింపులో మిగులునదియు తొలగునదియు, ఆమె యభినయించుచునే గ్రహించవలసి వచ్చెను.

1939 లో ‘వరవిక్రయము’తో చిత్రసీమలో నడుగిడిన భానుమతి యిట్లే నేర్చినది. 1953 లో ‘చండీరాణి’ని తెలుగు, తమిళము, హిందీ భాషలు మూడింటను తీయుచు, తానే ద్విపాత్రాభినయము చేయుచు, దర్శకత్వ భారమును వహించినది. ఒక సన్నివేశమును మూడు భాషలలో నడిపించుట సామాన్యమైన పనికాదు. అయితే, ఆమెకు భర్తతో గూడి స్థాపించిన భరణీ సంస్థ యండగా నుండెనని మరువరాదు.

సావిత్రి కథ వేరు. 1968 లో ఆమె దర్శకత్వమున వెలువడిన ‘చిన్నారి పాపలు’ చిత్రమునకు సంగీతము సమకూర్చినది పి. లీల, తక్కిన శాఖలలోను స్త్రీలు ముఖ్యస్థానములు వహించిరి. అది ధనము నార్జింపలేదు. ‘మూగమనసులు’ కథను 1971 లో తమిళమున ‘ప్రాప్తం’గా తీసి యామె మరల నష్టపోయినది. ఇచ్చట మనము న్యాయముగ నాలోచింపవలెను. పురుషుని చిత్రము పడిపోయినచో కథ బాగులేదందుము; స్త్రీ చిత్రము పడిపోయినచో స్త్రీలకీ పని చేతగాదందుము. ఒకరి నష్టమును జాతి కంతటికిని అంటగట్టు నీ తీర్పు ధర్మము కాదు.

ఈ తీర్పునకు విజయనిర్మల ప్రత్యుత్తర మొసగినది. బాలనటిగా నారంభించి, 1973 లో ‘మీనా’ను తీసి, 2019 లో పరమపదించునాటికి నలువది నాలుగు చిత్రములకు దర్శకత్వము వహించినది. అత్యధిక చిత్రములు తీసిన దర్శకురాలుగా 2002 లో గిన్నిస్ గ్రంథమున కెక్కినది. ఇట్టి సంఖ్య యాదృచ్ఛికముగ సిద్ధింపదు.

అయినను నటీమణుల విజయమును కీర్తించి యూరకుండుట చాలదు. ముందుగా తారయై ధనమును కీర్తియు గడించినగాని దర్శకురాలు కాజాలదను నియమము ప్రతిభకు సంకెల. 2011 లో ‘అలా మొదలైంది’ తీసిన నందినీరెడ్డి, సహాయకురాలుగ పనిచేసి దర్శకత్వమునకు వచ్చి, ఆ సంకెలను కొంత సడలించినది. ఆ బాట విశాలము కావలెను.

1983 లో తిరుపతిలో స్థాపింపబడిన శ్రీ పద్మావతీ మహిళా విశ్వవిద్యాలయము మన సీమకు భూషణము. ఇచ్చట చదువు బాలిక కథ చెప్పగలిగియు, తెరపై కనబడుట కిష్టపడనిచో, ఆమెకు దారి యేది? కెమేరా, కత్తిరింపు, దర్శకత్వములలో నామెకు శిక్షణ లభింపవలెను. చిత్రసంస్థలు సహాయకురాండ్రుగ చేర్చుకొనవలెను. చిత్రములకు పెట్టుబడి పెట్టు భూస్వాములును వర్తకులును దర్శకుని సామర్థ్యమును విచారింపవలెనే గాని, స్త్రీయా పురుషుడా యని గాదు. కుమార్తెల చదువునకు భూమి నమ్మియైన వెచ్చించు తలిదండ్రులు నేడు మన మండలమున గలరు. ఆ చదువున కీ మార్గమును గూడ తెరచుట వారి చేతిలోనే యున్నది.