నేలనీటిలో కరిగిన కర్బనము

వాన కురిసిన పిదప నేలలోనికి ఇంకిన నీరు వట్టి నీరుగా నుండదు. రాలిన ఆకులు, చచ్చిన వేళ్లు, పొలమునకు తోలిన పెంటయెరువు మట్టిలో చివికి అనేక పదార్థములుగా మారుచుండును. వానిలో కొంత భాగము నీటిలో కరిగి, నీటితోపాటు క్రిందికి దిగును. జీవులనుండి పుట్టిన యీ పదార్థములన్నిటికిని మూలద్రవ్యము కర్బనము. కావుననే నీటిలోని యీ భాగమును శాస్త్రజ్ఞులు ‘కరిగిన సేంద్రియ కర్బనము’ అని పిలుచుచున్నారు.

పేరు పెద్దదే గాని, ఇట్టిదే యొకటి మన వంటయిండ్లలో ప్రతిదినము జరుగుచున్నది. కాఫీపొడిపై వేడినీరు పోసినచో పొడి పైన నిలిచి, దాని సారము నీటితో క్రిందికి దిగును. నేలయు అట్టి వడపోత పాత్రయే. అయితే కాఫీపొడికి లేని గుణము నేలకు ఒకటి గలదు. అది సారమును విడుచుటయే గాక, దిగిపోవుచున్న సారమును పట్టి నిలుపుకొనగలదు. ఏ నేల ఎంత విడుచును, ఎంత నిలుపుకొనును అను దానిని కొలిచి తెలిసికొనవలెను.

కంటిచూపు ఇందుకు చాలదు. నల్లరేగడి నల్లగా నుండుటచే దానిలో సేంద్రియ పదార్థము మెండుగా నుండునని పలువురు తలచెదరు. కాని దక్కను పీఠభూమియందలి నల్లరేగడి నేలలలో పెక్కింట సేంద్రియ కర్బనము నూటికి ఒక వంతైనను ఉండదు.

కొలత ఎట్లు జరుగునో చూతము. మొదట నేలనుండి నీటిని తీయవలెను. సన్నని రంధ్రములుగల పింగాణి మొనను గొట్టమునకు అమర్చి, కావలసిన లోతులో పాతిపెట్టుదురు. గొట్టములోని గాలిని పంపుతో తీసివేసినచో, మట్టిలోని నీరు మెల్లమెల్లగా మొనగుండ లోనికి వచ్చును. మట్టిని తెచ్చి, ఎండబెట్టి, నీటిలో కలిపి కుదిపినను కర్బనము దిగును. కాని అది సహజముగా దిగు దానికంటె ఎక్కువగా నుండును. కనుక రెండు నేలలను పోల్చునపుడు రెండింటికిని ఒకే పద్ధతి వాడవలెను.

రెండవది వడపోత. సాధారణముగా 0.45 మైక్రోమీటరు రంధ్రములుగల జల్లెడపొర వాడుదురు. మైక్రోమీటరనగా మిల్లీమీటరులో వెయ్యవ వంతు. ఆ పొరను దాటిన దానినే ‘కరిగినది’ అని లెక్కింతురు. వడపోసిన నీటిని చల్లగా, చీకటిలో నుంచవలెను. లేనిచో సూక్ష్మజీవులు అందలి కర్బనమును తినివేయును.

మూడవది మిక్కిలి ముఖ్యమైనది. సున్నపురాతిలోను కర్బనము గలదు. అది సేంద్రియము కాదు. నల్లరేగడిలో సున్నపు గులకలు తరచుగా కనబడును. అందుచే నీటిలో కొంచెము ఆమ్లము కలిపి, శుద్ధమైన వాయువును బుడగలుగా పంపి, సున్నమునకు సంబంధించిన కర్బనమును బొగ్గుపులుసు వాయువు రూపమున వెళ్లగొట్టుదురు. ఈ పని మరచినచో సున్నమును చూచి ఎరువనుకొన్నట్లగును.

కడపట మిగిలిన నీటిలో కొన్ని బొట్లను సుమారు 680 డిగ్రీల సెంటీగ్రేడు వేడిమిలో, ప్లాటినము సహాయమున దహింతురు. సేంద్రియ కర్బనమంతయు బొగ్గుపులుసు వాయువుగా మారును. ఆ వాయువు పరారుణ కిరణములను ఎంత పీల్చుకొనునో చూచి, లీటరు నీటికి ఇన్ని మిల్లీగ్రాములని లెక్క కట్టుదురు.

ఇట్లు కొలువగా నేలల స్వభావము బయటపడినది. చలిదేశపు అడవులలో ఆకుల పొరనుండి దిగు నీటిలో లీటరుకు పదుల మిల్లీగ్రాముల కర్బనముండును. అదే నీరు క్రింది పొరలను దాటునప్పటికి కొన్ని మిల్లీగ్రాములకు తగ్గును. అచ్చటి ఇనుము, అల్యూమినియము ఆక్సైడులును, బంకమన్నును దానిని పట్టుకొనుటయే యిందుకు ముఖ్యకారణము. ఎఱ్ఱనేలకు ఎఱ్ఱదనమిచ్చునది యీ యినుప ఆక్సైడే. ఇసుకనేలకు అట్టి పట్టు లేదు. దక్షిణ అమెరికాలోని రియో నెగ్రో నది పరీవాహక ప్రాంతమున తెల్లని యిసుకనేలలు విస్తారముగా గలవు. అడవిసారము వానిగుండ దిగి నదిలో చేరుటచే, ఆ నీరు కషాయపు రంగున నుండును. ఆ నది పేరునకు ‘నల్లని నది’ అనియే అర్థము.

ఈ కొలత మన త్రాగునీటికిని అవసరము. నెదర్లాండ్స్ దేశమున రాటర్‌డామ్ నగరపు నీటి సరఫరాలో పనిచేసిన రసాయన శాస్త్రజ్ఞుడు యోహానెస్ రూక్, నీటిలోని సేంద్రియ పదార్థముతో క్లోరిను కలిసి క్లోరోఫారము మొదలగు హానికర పదార్థములు పుట్టునని 1974లో ప్రకటించెను. అందులకు క్లోరినును మానుట తగదు. అది కలరా వంటి వ్యాధులనుండి కాపాడుచున్నది. క్లోరిను కలుపుటకు ముందే సేంద్రియ పదార్థమును తగ్గించుట మార్గము.

మరియొక వింత గలదు. ఉత్తర అమెరికా, ఉత్తర ఐరోపాలలోని 522 సరస్సులను, వాగులను గూర్చి 1990 నుండి 2004 వరకు సేకరించిన కొలతలను పరిశీలించి, 2007లో ఫలితములను ప్రకటించిరి. పెక్కుచోట్ల కరిగిన కర్బనము పెరుగుచుండెను. బొగ్గు పొగలోని గంధకమువలన వాన పుల్లనై, నేల సారమును కరగనీయకుండ ఆపియుండెను. పొగ తగ్గి వాన శుభ్రపడగా, నేల మరల సారమును విడువసాగెను. ఏండ్ల తరబడి ఓపికతో కొలిచినవారుండుటచేతనే యిది తెలిసినది.

విద్యార్థులారా! మీరును ఒక చిన్న పరీక్ష చేయవచ్చును. అడుగున చిల్లులుగల రెండు డబ్బాలలో గుడ్డ పరచి, ఒకదానిలో కడిగిన యిసుకను, రెండవదానిలో ఎఱ్ఱమట్టిని సమముగా నింపుడు. పాలు, చక్కెర లేని పలుచని తేనీరు చల్లార్చి రెండింటిలో సమముగా పోయుడు. దిగిన నీటిని గాజుగ్లాసులలో పట్టి, మట్టి తేరుకొనిన తరువాత రంగులను పోల్చుడు. ఇది కొలత కాదు. కొలతకు మొదటి మెట్టు. చూచినదానిని తేదీతో సహా తెలుగులో వ్రాసి మీ తల్లిదండ్రులకు చదివి వినిపింపుడు. పొలము దున్నువారికి మీకంటె మట్టి బాగుగా తెలియును. వారు మిమ్మడుగు ప్రశ్నలను గూడ ఆ పుస్తకముననే వ్రాసికొని పాఠశాలకు తెండు. వానికి సమాధానములు వెదకుటలో మేము మీకు తోడ్పడుదుము.