ఆధునిక కారులో విద్యుత్ లోపాల నిర్ధారణ: గోదావరి డెల్టా నేపథ్యంలో పద్ధతి, పరిభాష

1. ఉపోద్ఘాతం

వృత్తిపదాల అధ్యయనానికి తెలుగులో గట్టి పునాది ఉంది. భద్రిరాజు కృష్ణమూర్తి సంపాదకత్వంలో ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ మాండలిక వృత్తిపదకోశం తొలి సంపుటాన్ని 1962లో వ్యవసాయ పదాలతో వెలువరించింది. 1971లో చేనేత పదాల సంపుటం వచ్చింది. ఆ దృష్టితో మోటారు మరమ్మతు వృత్తిని చూస్తే, దాని పదజాలంలో అధికభాగం ఇంగ్లీషు నుంచి వచ్చి తెలుగు ఉచ్చారణలో స్థిరపడినదే. ఫ్యూజు 'ఫీజు' అయింది. స్టార్టరు మోటారు 'సెల్ఫ్' అయింది. డైనమో పోయి ఆల్టర్నేటర్ వచ్చినా పాత పేరు నిలిచింది. పేరు పాతదైనంత మాత్రాన నష్టం లేదు. ఒకే పేరు వేర్వేరు లోపాలకు వాడుకైనప్పుడు మాత్రం నిర్ధారణ దారి తప్పుతుంది. చెడిపోని భాగం మారుతుంది, చెడినది అలాగే ఉండిపోతుంది. ఈ చిక్కునూ, దాన్ని విప్పే పద్ధతినీ వివరించడం ఈ వ్యాసం ఉద్దేశం.

2. ఒక మాట, మూడు లోపాలు

కారులో ఏ విద్యుత్ లోపం వచ్చినా 'షార్టు అయింది' అనడం వాడుక. నిజానికి లోపాలు ప్రధానంగా మూడు రకాలు. మొదటిది, వైరు తెగి ప్రవాహం ఆగిపోవడం. రెండవది, పైపొర పోయిన వైరు బాడీకి తగిలి, ప్రవాహం అడ్డదారిన అధికంగా పారడం. అసలైన షార్టు ఇదే. మూడవది, తీగ తెగకుండానే కీలు వద్ద చిలుము పట్టి ప్రవాహానికి నిరోధం పెరగడం.

ఫీజు సాధారణంగా రెండవ లోపంలోనే పోతుంది. తక్కిన రెండింటిలో అది చెక్కుచెదరదు. కనుక ఫీజు బాగుందంటే సర్క్యూటు బాగున్నట్టు కాదు. పోయిన ఫీజు స్థానంలో ఎక్కువ ఆంపియర్ల ఫీజు వేయడం ప్రమాదకరం; అప్పుడు ఫీజుకు బదులు వైరే కాలుతుంది.

'ఎర్త్' అనే మాటా ఇలాంటిదే. రబ్బరు టైర్ల మీద నిలిచిన కారుకు నేలతో విద్యుత్ సంబంధం ఉండదు. బ్యాటరీ నెగటివ్ కొసను బాడీకీ, ఇంజనుకూ కలిపే తిరుగుదారికే ఆ పేరు. వెళ్లే దారి ఎంత బాగున్నా ఈ తిరుగుదారి చెడితే దీపమూ వెలగదు, సెల్ఫూ తిరగదు.

3. డెల్టా వాతావరణం

మూడవ లోపానికి డెల్టా అనువైన నేల. అంతర్వేది, నరసాపురం, కాకినాడ తీరాల్లో ఉప్పుగాలి. కోనసీమలో కాలువల తేమ. 1986 ఆగస్టు, 2022 జులై నెలల్లో వచ్చినట్టి గోదావరి వరదలు. రాగి, ఇత్తడి కొసలపై తేమ, ఉప్పు చేరితే పచ్చని చిలుము పడుతుంది. మునిగిన కారు పైకి ఆరినా కనెక్టర్ల లోపల ఈ చర్య కొనసాగుతుంది. లోపం వారాల తరువాత బయటపడవచ్చు. అందువల్ల మునిగిన కారుకు తాళం తిప్పకుండా, ముందుగా బ్యాటరీ నెగటివ్ తీగ విప్పించి, కనెక్టర్లను శుభ్రం చేయించాలి. వరిచేల పక్కన నిలిపే కార్లకు ఎలుకల బెడదా ఉంటుంది. కొరికిన వైరు మొదటి లోపానికీ, రెండవదానికీ కూడా కారణం కాగలదు.

4. కోడు చెప్పేది, చెప్పనిది

కారులోని కంప్యూటర్లు లోపాన్ని కోడు రూపంలో దాచుకొంటాయి. అమెరికాలో 1996 నుంచి ఓబీడీ-2 ప్రమాణం తప్పనిసరి అయింది. భారతదేశంలో 2020 ఏప్రిల్ నుంచి అమలైన బీఎస్-6 నిబంధనలు ఈ స్వయం పర్యవేక్షణను మరింత పటిష్ఠం చేశాయి. కోడులో మొదటి అక్షరం 'పి' అయితే ఇంజను, గేర్ల వ్యవస్థ, 'బి' బాడీ, 'సి' ఛాసిస్, 'యు' కంప్యూటర్ల మధ్య సమాచార వ్యవస్థ. కోడు లక్షణాన్ని చెబుతుంది. కారణాన్ని వెదకవలసింది మనిషే.

ఒక లెక్క చూడవచ్చు. సెల్ఫ్ తిరిగేటప్పుడు 150 ఆంపియర్లు పారుతున్నాయనుకొందాం. ఎర్త్ కీలు వద్ద 0.02 ఓమ్‌ల నిరోధం ఉంటే అక్కడే 3 వోల్టులు పోతాయి. పన్నెండింటిలో మిగిలేవి 9. ఆ క్షణంలో కంప్యూటర్లకూ వోల్టేజి చాలకపోతే అవి ఒకదానితో ఒకటి మాట్లాడుకోలేవు. 'పి0562', 'యు0100' వంటి కోడులు వరుసగా పడవచ్చు. వాటిని చూసి ఖరీదైన కంప్యూటరు మార్చినా ఎర్త్ తీగ కొస చిలుముతోనే ఉంటుంది. 0.02 ఓమ్‌లను సాధారణ మల్టీమీటరు ఓమ్ కొలతలో నమ్మకంగా పట్టుకోలేదు. ప్రవాహం పారుతుండగా వోల్టేజి పతనాన్ని కొలవడమే మార్గం.

5. నిర్ధారణ క్రమం

ముందుగా బ్యాటరీ. కొన్ని గంటలు నిలిపి ఉంచిన కారులో సుమారు 12.6 వోల్టులుంటే నిండుగా ఉన్నట్టు. 12 కన్నా తగ్గితే దాదాపు ఖాళీ. ఇంజను నడుస్తుండగా సాధారణంగా 13.5 నుంచి 14.7 వరకు రావాలి. తరువాత సెల్ఫ్ కొట్టిస్తూ బ్యాటరీ నెగటివ్ కొసకూ ఇంజను లోహానికీ మధ్య కొలవాలి. అర వోల్టు దాటితే ఎర్త్ దారిని అనుమానించాలి. రాత్రికి రాత్రి బ్యాటరీ దిగిపోతుంటే, కారు తాళం వేసి కంప్యూటర్లన్నీ నిద్రలోకి జారాక పారే ప్రవాహం చూడాలి. అది చాలా కార్లలో 50 మిల్లీఆంపియర్ల లోపే ఉండాలి.

ఇవన్నీ సరిగా ఉన్నాకనే సమాచార తీగల వంతు. బాష్ సంస్థ 1986లో పరిచయం చేసిన క్యాన్ వ్యవస్థలో మెలివేసిన జంట తీగలకు రెండు కొసలా 120 ఓమ్‌ల నిరోధాలుంటాయి. బ్యాటరీ విప్పి కొలిస్తే సుమారు 60 రావాలి. 120 వస్తే ఒక కొస తెగినట్టు అనుమానించాలి. పసుపు రంగు ఎయిర్‌బ్యాగు కనెక్టర్లనూ, విద్యుత్ కార్లలోని నారింజ రంగు తీగలనూ శిక్షణ లేనివారు తాకరాదు.

6. ముగింపు

ఈ క్రమంలో ప్రతి మెట్టూ అడిగే ప్రశ్న ఒక్కటే: లోపం మూడింటిలో ఏది? దీనికి కొత్త పారిభాషిక పదాలు అక్కరలేదు. 'వైరు తెగింది', 'వైరు బాడీకి తగిలింది', 'కాంటాక్టు పట్టడం లేదు' అనే వాడుక మాటలు మూడు లోపాలనూ స్పష్టంగా వేరు చేస్తాయి. 'షార్టు'ను రెండవదానికే పరిమితం చేస్తే, కారు యజమాని ఫిర్యాదు నుంచి మెకానిక్ పరీక్ష వరకు దారి సూటిగా సాగుతుంది. మోటారు వృత్తి పదాలను సేకరించేవారు పదానికి అర్థంతోపాటు అది ఏ లోపానికి వర్తిస్తుందో కూడా నమోదు చేయాలి. అప్పుడే ఆ పదకోశం పరిశోధకులకే కాక ఐటీఐ విద్యార్థికీ అక్కరకు వస్తుంది.