చలచ్చిత్రపాఠమును లిఖితసంవాదమును

పాఠశాలలయందుఁ జలచ్చిత్రములు చూపి పాఠము చెప్పుట నేఁడు సామాన్యమైనది. చిత్రము చూచుచున్న విద్యార్థులు తమకుఁ దోఁచిన ప్రశ్నలను అంతర్జాలమూలమున నొక్కచోట వ్రాయుచు, ఒండొరులకు బదులు చెప్పుకొనుట దానికిఁ దోడుగా వచ్చిన పద్ధతి. లోకులు దీనిని ‘చాట్’ అందురు. ఈ వ్యాసమున ‘లిఖితసంవాద’ మని వ్యవహరించెదను. ఇది బోధనకు సహాయమా, విఘ్నమా యనునది విచార్యము.

వ్యాఖ్యానమునకుఁ బదచ్ఛేదము, పదార్థోక్తి, విగ్రహము, వాక్యయోజన, ఆక్షేపసమాధానము అని యైదు లక్షణములను పెద్దలు చెప్పిరి. మొదటి నాలుగింటికి సాటియైన పనిని చలచ్చిత్రము కొంతవఱకుఁ జేయును. వస్తువును విడఁదీసి చూపును, పేరు చెప్పును, అవయవముల సంబంధమును దెలుపును, అన్నింటిని వరుసఁ గూర్చును. అయిదవది మాత్రము దానికి శక్యము గాదు. బాలుఁ డాక్షేపించినను చిత్రము నిలువదు, బదులు పలుకదు. ఈ లోపమును దీర్చుటయే లిఖితసంవాదమునకు ముఖ్యప్రయోజనమని నా మతము.

ఈ కొఱత క్రొత్తది గాదు. 1975 ఆగస్టు 1 మొదలు 1976 జులై 31 వఱకు ఉపగ్రహమూలమున ఆఱు రాష్ట్రములలోని సుమారు 2400 గ్రామములకు దూరదర్శనపాఠములు పంపఁబడెను. ఆంధ్రప్రదేశమును కర్ణాటకమును వానిలోనివే. తెలుఁగు పాఠము పల్లెకు వచ్చెను గాని, పల్లెలోని బాలుని ప్రశ్న తిరిగిపోవుటకు మార్గము లేకుండెను. 2004 సెప్టెంబరు 20న శ్రీహరికోటనుండి ప్రయోగింపఁబడిన ఎడ్యుశాట్ ఉపగ్రహము విద్యకొఱకే యేర్పడినది. ప్రశ్న తిరిగి పంపుటకు దానివలన వీలు కలిగెను. 2022 డిసెంబరులో మన రాష్ట్రమున ప్రభుత్వపాఠశాలల యెనిమిదవతరగతివారికిఁ బాఠచిత్రములతోఁ గూడిన టాబ్లెట్లు పంచఁబడెను. ఇట్లు సాధనములు పెరిగినవి. ఆక్షేపమునకుఁ జోటు కల్పించుట మాత్రము ఉపాధ్యాయుని పనిగా నిలిచియున్నది.

మన కళలలో నట్టిచోటు మొదటినుండియుఁ గలదు. బుఱ్ఱకథలోఁ గథకునకు ఇరువంకల నిద్దఱు వంతలుందురు. ఒకఁడు హాస్యమాడును, వేఱొకఁడు లోకవార్త నెత్తును. సభవా రడుగఁదలఁచినదానిని వారే యడుగుదురు. అప్పుడు కథకుఁడు కథ నాపి బదులు చెప్పి, మఱల నెత్తుకొనును. ఇందలి మర్మ మా యాపుటయందే యున్నది. చిత్రమును జూచుచు వ్రాయుట రెండు పడవలపైఁ గాళ్లుంచుట వంటిది; చూపు తెరపై నున్నప్పుడు వ్రాఁత చెడును, వ్రాఁతపై నున్నప్పుడు చిత్రము జాఱును. కావున నుపాధ్యాయుఁడు ముందుగనే చిత్రమును జూచి, మూఁడు నాలుగు విరామస్థానములను గుర్తించుకొని, అచ్చటచ్చట నాపి వ్రాయింపవలెను.

కర్నూలు మండలపు పడమటిభాగమును దృష్టాంతముగాఁ గొందము. ఆదవాని ప్రత్తివిపణికిఁ బ్రసిద్ధి. ఎమ్మిగనూరు చేనేతకుఁ బ్రసిద్ధి. అచ్చటి తరగతిలోఁ బ్రత్తిచెట్టును గూర్చిన చిత్రము చూపఁబడినదనుకొనుఁడు. మొదటినాఁడు తెల్లగా విచ్చిన పువ్వు మఱునాఁడు గులాబిరంగు పొందుట యేలయని యొక బాలిక వ్రాయవచ్చును. రేకులలో నెఱ్ఱని వర్ణద్రవ్యము పెరుగుట హేతువని యుపాధ్యాయుఁడు సమాధానము చెప్పును. ఆ ప్రాంతమున నింటఁ గన్నడము పలుకు పిల్లలును గలరు. ఒకరు ‘పత్తి’ యని, వేఱొకరు ‘హత్తి’ యని వ్రాసినచో, రెండును ఒకదానిక్రింద నొకటి కంటికిఁ గనఁబడును. పాలు–హాలు, పులి–హులి యనువానిని జేర్చి, ప్రాచీనకన్నడమందలి పదాదిపకారము పిదప హకారమైన విధమును ఆ ఘడియలోనే బోధింపవచ్చును. వినుటతోఁ బోవు మాట యిట్లు వ్రాఁతలో నిలిచి భాషాపాఠమగును.

ఇంతకంటె ముఖ్యమైన విషయ మొకటి కలదు. ఈ ప్రాంతమునుండి గుంటూరు సీమలోని ప్రత్తి, మిరప చేలకుఁ గూలికై వలసపోవు కుటుంబములు పెక్కు. పిల్లలును వెంటఁ బోవుదురు. తిరిగి వచ్చిన బాలుఁడు తప్పిన పాఠములకు వెఱచి నోరు మెదపఁడు. కాని ప్రత్తికాయ యెట్లు పగులునో, దూది తీయునపుడు వ్రేళ్ల నేది గీఱునో చిత్రమును దీసినవానికంటె వాఁడే యెక్కుడెఱుఁగును. పదుగురియెదుట లేచి చెప్పలేనిదానిని నాలుగు మాటలలో వ్రాయఁగలఁడు. తాను లేనినాఁడు తోడివా రేమడిగిరో, ఉపాధ్యాయుఁ డేమి చెప్పెనో కూడ నిలిచియున్న వ్రాఁతవలనఁ జదువుకొనఁగలఁడు. ఈ మేలు వేఱొకవిధమున సులభముగా సమకూరదు.

ఇఁక దోషములు. హద్దులేని సంవాదము వితండయగును. చరకుఁడు సంభాషను సంధాయసంభాషయని, విగృహ్యసంభాషయని రెండుగా విభజించెను. మొదటిది తెలిసికొనుటకై స్నేహముతోఁ జేయునది; రెండవది గెలుపుకొఱకైనది. తరగతికి మొదటిదే తగును. పేరు దాఁచి వ్రాయుట పరిహాసమునకుఁ దావగును గాన, ప్రతివాక్యమునకు వ్రాసినవాని పేరుండవలెను. తప్పులను వెంటనే దిద్దినచోఁ బిల్లలు వ్రాయుట మానుదురు. మఱునాఁ డా వాక్యములనే తీసికొని, పేరులు చెప్పక, సంధిని వర్ణక్రమమును దిద్దవలెను. అందఱకు యంత్రములు లేనిచోట, పిల్లలు చీటీలపై వ్రాసియిచ్చినదాని నుపాధ్యాయుఁ డొక్క యంత్రమున నెక్కించినను జాలును. పద్ధతికిఁ బ్రాణము ప్రశ్నయే కాని యంత్రము గాదు.

మహాభాష్యమున శంక లేక సిద్ధాంతము నడువదు. శిష్యుని శంకను గౌరవించి పెరిగిన శాస్త్రము మనది. తెరపైఁ బాఠము నడచుచున్నప్పుడును ఆ మర్యాదను నిలుపుట పండితులమైన మన విధి. విజ్ఞులు తమ తమ తరగతులలోఁ బరీక్షించి గుణదోషములను నిర్ణయింతురు గాక.