పడవ మోటారు మరమ్మతులో ప్రాణరక్షణ

సాక్చి అనగానే మనకు స్ఫురించునది ఇనుము. సువర్ణరేఖ, ఖర్కాయి నదుల సంగమమునకు చేరువనున్న ఈ పల్లెలో 1908లో ఉక్కు కర్మాగార నిర్మాణము ఆరంభమైనది. 1911లో ఇనుము, 1912లో ఉక్కు వెలువడినవి. 1919లో ఊరికి జంషెడ్‌పూరు అను పేరు వచ్చినది. సాక్చి అను పాతపేరు నగరములోని ఒక పేటకు నిలిచినది. పని వెదకికొనుచు ఇచ్చటికి వచ్చిన తెలుగువారిలో పెక్కుమంది శ్రీకాకుళము, విజయనగరము ప్రాంతములవారు. వారి స్వస్థలములకు సముద్రము దూరము కాదు. కావున ఇనుము నమ్ముకొని ఇచ్చట బ్రదుకు కుటుంబమునకు, వల నమ్ముకొని అచ్చట బ్రదుకు బంధువులుండుట వింత కాదు.

ఈ ఇరువురికిని పనికివచ్చు విషయమొకటి కలదు. అది పడవ వెనుక తగిలించు చిన్న మోటారు. తీరమున వేటకు పోవు పడవలకు అది ప్రాణము. విహారపు చెరువులలోని పడవలకును అది వాడుకలోనున్నది. వరదలు వచ్చినప్పుడు రక్షకదళములవారి రబ్బరు పడవలను నడుపునదియు అదియే. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడలోని పేటలు మునిగినప్పుడు, ఇండ్లలో చిక్కుకొన్నవారికి ఇట్టి పడవలే దిక్కైనవి. సువర్ణరేఖకు ఎగువనున్న చాండిల్ జలాశయపు తలుపులు ఎత్తినప్పుడు నదీతీరమున నివసించువారు జాగరూకులై యుండవలసినదే. కావున మోటారును బాగుగా ఉంచుకొనుట ఎంతైనను అవసరము. అయితే మోటారు బాగుపడి, బాగుచేసినవాడు మంచము పట్టినచో ఏమి లాభము?

నీటిపై పడవ నడుచునప్పుడు అందరును జాగ్రత్తగానే యుందురు. ఒడ్డున మోటారు ఆగియున్నప్పుడు ఆ జాగ్రత్త సడలును. ఆగిన మోటారు హాని చేయదని తలచుటయే పెక్కు ప్రమాదములకు మూలము. దానిలో నిలిచిన పెట్రోలు ఆవిరి, చుట్టుకొనియున్న స్ప్రింగు, నిలవయున్న విద్యుత్తు, ఇవియేవియు కంటికి కనబడవు. కనబడని ఈ శత్రువులను తెలిసికొని మెలగుటయే ఈ కరపత్రము బోధించు పాఠము.

వేసవి మరమ్మతులు

తూర్పుతీరమున ఏటేటా ఏప్రిల్ 15 మొదలు జూన్ 14 వరకు 61 దినములు మోటారు పడవలపై వేట నిషేధము. చేపలు గ్రుడ్లుపెట్టు కాలమున వాటిని కాపాడుటకు ఏర్పరచిన విరామమిది. ఆ రెండు నెలలలోనే వలలు అల్లుకొందురు, పడవలకు రంగు వేసికొందురు, మోటార్లు విప్పి సరిచేసికొందురు. అప్పుడే ఎండలు మెండు. ఎండ హెచ్చినకొలది పెట్రోలు త్వరగా ఆవిరియగును. అప్పుడే పిల్లలకు సెలవులు. జంషెడ్‌పూరు నుండి తాతగారి ఊరికి వచ్చిన బాలురు సైతము మోటారు చుట్టు మూగుదురు. కావున మరమ్మతు చోటునకు పిల్లలను రానీయరాదు. ఇది మొదటి నియమము.

పని మొదలిడుటకు ముందు

మోటారులో మూడు భాగములు గలవు. పైన మూతక్రింద యంత్రము, నడుమ నిలువు కాడ, అడుగున గేరు పెట్టెయు ప్రొపెల్లరు అనెడి నీటిపంకాయు ఉండును. పైన ఒక చక్రము కదలినచో అడుగున పంకా తిరుగును. గేరు పడియున్నప్పుడు అడుగున పంకాను చేతితో త్రిప్పినను పైన యంత్రము తిరుగును. సిలిండరులో మిగిలిన ఆవిరి అంటుకొని ఒక్కసారిగా మోటారు నడచుటకును అవకాశము కలదు. పంకాకు చిక్కిన వలత్రాడును తీయబోయి వ్రేళ్లు పోగొట్టుకొనుట ఈ విధముగానే జరుగును.

కావున పంకాను ముట్టుటకు ముందు వరుసగా చేయవలసిన పనులివి. మోటారును ఆపవలెను. గేరును తటస్థస్థానమున ఉంచవలెను. తాళముచెవి యున్నచో తీసి జేబులో వేసికొనవలెను. నడుపువాడు మణికట్టునకు తగిలించుకొను ఆపుదల త్రాడును ఊడదీయవలెను. కడపట స్పార్కు ప్లగ్గుల తీగలను విడదీసి, ప్లగ్గులకు తగులకుండ దూరముగా ఉంచవలెను. ప్రొపెల్లరు నట్టును వదులుచేయునప్పుడు రెక్కకును, దానిపైనున్న పలకకును నడుమ ఒక కొయ్యముక్కను అడ్డము పెట్టవలెను. రెక్కను చేతితో పట్టుకొనరాదు. నట్టు ఊడకుండ గ్రుచ్చు పిన్నును తిరిగి బిగించునప్పుడు క్రొత్తదానినే వాడవలెను.

పది అశ్వశక్తుల మోటారు సుమారు 40 కిలోల బరువుండును. దానిని ఒంటరిగా ఎత్తి నడుము విరుచుకొనుట పౌరుషము కాదు. ఇరువురు కలిసి, మోకాళ్లు వంచి, వీపు నిటారుగా నుంచి ఎత్తవలెను. మోటారును పడవకే యుంచి పైకి వంచి పని చేయునప్పుడు, అడ్డుగడియ వేయక దానిక్రింద చేయిగాని తలగాని పెట్టరాదు.

పెట్రోలు ఆవిరి

పెట్రోలు మంచుగడ్డకంటె చల్లనిదైనను అంటుకొనుటకు చాలినంత ఆవిరిని విడుచును. ఆ ఆవిరి గాలికంటె బరువైనది. పొగవలె పైకి పోక, నీటివలె పల్లమునకు ప్రాకి పడవ అడుగున నిలుచును. పది అడుగుల దూరమున వెలుగుచున్న బీడీయో, పొయ్యియో దానికి తగిలినచో, మంట వచ్చిన దారినే తిరిగి పెట్రోలు డబ్బాను చేరును.

కావున చేతితో మోయదగిన ట్యాంకును పడవనుండి దింపి, నేలపై నుంచి నింపవలెను. మోటారు చల్లారిన పిమ్మటనే నింపవలెను. ట్యాంకును నిండార పోయక, ఎండకు పెట్రోలు ఉబ్బుటకు కొంత ఖాళీ విడువవలెను. కార్బొరేటరును ఇంటిలోను, వసారాలోను, వంటయింటి దాపునను విప్పరాదు. ఒలికిన పెట్రోలును గుడ్డతో అద్ది, ఆ గుడ్డను ఆరుబయట ఆరవేయవలెను. మూలకు ఉండచుట్టి పారవేయరాదు. మండుచున్న పెట్రోలుపై నీరు పోసినచో మంట నీటిపై తేలి వ్యాపించును. పొడి రసాయనపు మంటలార్పు సాధనమును చేరువనుంచుకొనవలెను. అది లేనిచోట ఇసుక బకెట్లైనను ఉండవలెను.

నోటితో పీల్చరాదు

ఒక డబ్బానుండి మరియొక డబ్బాకు పెట్రోలు మార్చుటకు గొట్టమును నోట పెట్టుకొని పీల్చు దురలవాటు మనవారిలో కలదు. దీనివలన కలుగు కీడు కడుపుకంటె ఊపిరితిత్తులకు ఎక్కువ. పెట్రోలును, కిరసనాయిలును మిక్కిలి పలుచని ద్రవములు. ఒక చెంచాకంటె తక్కువ పొరపోయినను ఊపిరితిత్తుల లోపలి పొరలపై వ్యాపించి, వాపు కలిగించును. మొదట దగ్గు మాత్రమే కనబడి, కొన్ని గంటల తరువాత ఆయాసము, జ్వరము పొడసూపవచ్చును.

ఇట్లు మింగినవానిచే వాంతి చేయింపరాదు. ఉప్పునీరు త్రాగించుట, గొంతులో వ్రేలు పెట్టుట మిక్కిలి హానికరము. ఏలయన, పైకి వచ్చునప్పుడు ఆ నూనె మరల ఊపిరితిత్తులలోనికి పోవును. నోరు కడిగించి, కూర్చుండబెట్టి, వెంటనే ఆసుపత్రికి చేర్పవలెను. కొద్ది ధరకు దొరకు చేతిపంపు ఈ ప్రమాదమును పూర్తిగా తప్పించును.

పిల్లల విషయమున మరియొక మాట. పెట్రోలునుగాని, కిరసనాయిలునుగాని, బ్యాటరీ ఆమ్లమునుగాని నీళ్లసీసాలలోను, షర్బతుసీసాలలోను పోసి యుంచరాదు. దాహముగొన్న పిల్లవానికి సీసా తెలియునుగాని, అందున్నదేమో తెలియదు.

పొగలోని విషవాయువు

ఉక్కునగరవాసులకు కార్బన్ మోనాక్సైడు క్రొత్తది కాదు. బ్లాస్టు ఫర్నేసు వాయువులో సుమారు అయిదవ వంతు ఇదియే. ఆ వాయువుండు చోట్లకు పనివారు దానిని పసిగట్టు పరికరములు ధరించి పోవుదురు. ఆ విషవాయువే మన చిన్న మోటారు పొగలోను కలదు. దీనికి రంగు లేదు, వాసన లేదు. మన రక్తములోని ఎఱ్ఱకణములు ప్రాణవాయువునకంటె దీనికి రెండువందల రెట్లకు మించి ఆకర్షింపబడును. కావున గాలిలో దీని అంశము స్వల్పమైనను, రక్తమునందు ప్రాణవాయువునకు చోటు లేకపోవును.

మొదట తలనొప్పి, కన్నులు తిరుగుట, వికారము, కాళ్లలో నీరసము కలుగును. వీనిని ఎండదెబ్బ యనియో, పైత్యమనియో తలచి మనవారు అశ్రద్ధ చేయుదురు. పాకలో మోటారు నడపుచుండగా ఒకనికి తలనొప్పి వచ్చినచో, అచ్చటనున్న వారందరును వెంటనే బయటకు రావలెను. స్పృహ తప్పినవానిని మంచిగాలిలోనికి చేర్చి, ఆసుపత్రిలో ప్రాణవాయువు అందునట్లు చూడవలెను. అతనిని కాపాడబోవువాడు ముందుగా తలుపులు తెరువవలెను. లేనిచో రక్షింపబోయినవాడును కూలును. నాలుగు గోడల నడుమ, కిటికీలు తెరచియున్నను, మోటారు నడుపరాదు.

నడిపి చూచునప్పుడు

మోటారును నీరులేక నడుపరాదు. దానిని చల్లబరచు నీటిపంపులోని రబ్బరుచక్రము పొడిగా తిరిగినచో కొద్ది క్షణములలోనే కాలి చెడును. ఆరుబయట ఒక పీపానిండ నీరు పోసి, అందు మోటారును గట్టిగా బిగించి, ప్రొపెల్లరును విప్పివేసి, గేరు తటస్థముగా ఉంచి నడుపవలెను. ప్రక్కనుండు చిన్నరంధ్రమునుండి నీటిధార వచ్చుచున్నచో పంపు పనిచేయుచున్నదని గుర్తు. ధార రానిచో తక్షణమే ఆపవలెను.

మూత తీసినచో పైన తిరుగు బరువుచక్రము బయటపడును. ఉత్తరీయము, పైటకొంగు, విడిచిన జుట్టు, పొడుగుచేతుల చొక్కా దాని దరికి పోరాదు. ఉంగరము, చేతిగడియారము తీసి పని చేయవలెను. మోటారును లాగు త్రాడును చేతికి చుట్టుకొనరాదు. యంత్రము వెనుకకు తన్నినచో మణికట్టు విరుగును. ప్లగ్గు తీగలలో వేలకొలది వోల్టుల విద్యుత్తు ప్రవహించును. కావున మోటారు తిరుగుచుండగా వానిని పట్టుకొనరాదు. గుండెకు పేస్‌మేకరు అమర్చుకొన్నవారు దాపునకు రాకుండుట మంచిది. బ్యాటరీ నింపునప్పుడు హైడ్రోజను వాయువు వెలువడును. అచ్చట నిప్పురవ్వ ప్రేలుడుకు కారణమగును.

గేరు పెట్టెలోని నూనెను చూచుటయు మరువరాదు. అది పాలవలె తెల్లబడినచో లోనికి నీరు దిగినదని అర్థము. పంకా వెనుక చుట్టుకొన్న వలపోగు రబ్బరుబిళ్లను కోయుటవలన ఇది తరచు జరుగును. ఒడ్డున దీనిని కనిపెట్టినవాడు నడిసముద్రమున మోటారు ఆగు ఆపదను తప్పించుకొనును. తీసిన పాతనూనెను డబ్బాలో కూడబెట్టి సేకరించువారికి ఇయ్యవలెను. నదిలోను, ఇసుకలోను పోయరాదు.

గాయములకు ప్రథమచికిత్స

కాలిన చోట పారుచున్న మామూలు నీటిని 20 నిమిషములు పోయవలెను. పళ్లపొడి, సిరా, నెయ్యి, బూడిద పూయరాదు. కంటిలో పెట్రోలుగాని, ఆమ్లముగాని పడినచో రెప్పలు తెరచి 20 నిమిషములు కడిగి, వైద్యునికి చూపవలెను. తెగిన గాయమును శుభ్రమైన గుడ్డతో గట్టిగా అదిమిపట్టి, ధనుర్వాతపు సూది విషయము వైద్యుని అడుగవలెను. వ్రేలు తెగిపోయినచో దానిని తడిపిన శుభ్రవస్త్రమున చుట్టి, ప్లాస్టిక్ సంచిలో మూసి, ఆ సంచిని మంచుపై నుంచి రోగితో కూడ పంపవలెను. వ్రేలును నేరుగా మంచులో పెట్టరాదు.

గ్రీజుతుపాకి గాయమును గూర్చి ప్రత్యేకముగా చెప్పవలెను. అందుండి చిమ్మిన గ్రీజు చర్మములో దూరినచో పైకి సూదిమొనంత రంధ్రమే కనబడును. నొప్పియు మొదట స్వల్పమే. లోపల మాత్రము గ్రీజు నరములవెంట, కండరములవెంట ప్రాకును. ఆలస్యమైనచో వ్రేలిని తీసివేయవలసివచ్చును. ఇట్టి గాయము ఎంత చిన్నదైనను అదేదినమున శస్త్రవైద్యునికి చూపవలెను. అత్యవసరమున 108కు గాని, 112కు గాని ఫోను చేయవలెను.

పనియైన పిమ్మట చేతుల జిడ్డును పెట్రోలుతో కడుగుట కూడదు. అది చర్మపు సహజమైన నూనెను తీసివేసి, పగుళ్లను, గజ్జిని తెచ్చును. సబ్బు, రంపపుపొట్టు, నీరు చాలును.

వేట నిషేధము ముగియు దినము సమీపించినకొలది తొందర హెచ్చును. నదిలో నీరు పెరుగుచున్నప్పుడు ఆ తొందర మరింత ఎక్కువ. అట్టి వేళలలోనే ప్లగ్గు తీగ విడదీయుట మరతుము, గొట్టము నోట పెట్టుకొందుము, పాక తలుపు మూసి మోటారు నడుపుదుము. ప్లగ్గు తీగ విడదీయుటకు పట్టునది అరనిమిషము. ఆ అరనిమిషము ఆదా చేసినవానికి, పోయిన వ్రేలిని తిరిగి ఇచ్చు మరమ్మతు లేదు. యంత్రమునకు విడిభాగములు అంగడిలో దొరకును, మనుష్యునికి దొరకవు.